పిట్ట వాటా

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు గోదావరి రైతు పిట్టని కూడా ఓ వాటాదారుగానే లెక్కేసుకున్నాడు. నాగలి పోయి ట్రాక్టరొచ్చింది. కొడవలి పోయి కోత మిషనొచ్చింది. చాలాచోట్ల వరిచేనే పోయి చేపల చెరువొచ్చింది. మరి పిట్ట వాటా ఏమైంది?

సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో ఏ పాత పెంకుటింటికి వెళ్లినా వసారాలో ఓసారి తల పైకెత్తి చూడండి. అదృష్టం బాగుంటే దూలానికి వేలాడుతూ వరికంకుల కుచ్చు కనిపిస్తుంది. పైన జడలాంటి అల్లిక, కింద బంగారు రంగు గింజల గుత్తి. ఫొటో తీసుకుని ఫోన్లో దాచుకునేంత అందంగా ఉంటుంది. కానీ కట్టింది అందానికి కాదు. అది పిచ్చుకల భోజనం.

చేను కోసేటప్పుడే దీనికి కంకులు వేరుచేస్తారు. పొట్టివి పనికిరావు, కాడ నిడివిగా ఉండాలి. మరీ ఎండితే అల్లేటప్పుడు గింజ రాలిపోతుంది, మరీ పచ్చిగా ఉంటే బూజు పడుతుంది. ఆకు ఒలిచి, కాడల మీద కాసిని నీళ్లు చల్లి, మెత్తబడ్డాక కొన్ని కొన్ని కలుపుతూ అల్లుకుపోతారు. చేయి తిరిగినవాళ్లయితే అరుగు మీద కబుర్లాడుతూనే పని కానిచ్చేస్తారు. ఇంటికొకటి, గుడికొకటి. కొన్ని ఊళ్లలో కుచ్చు అంటే, కొన్నిచోట్ల కుంచె అంటారు. పేరేదైనా దాని మీద హక్కు పిట్టదే.

దీన్ని దానం అనుకుంటే పొరపాటు. పూర్వం కళ్లంలో రాశి పోశాక, ధాన్యం ఇంటికి తోలకముందే మేరలు కొలిచేవాళ్లు. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సాగదీసిన కమ్మరికి, చాకలికి, మంగలికి... ఏడాదంతా చేసిన పనికి ఎవరి మేర వాళ్లది. ఆ కొలతల్లో అందరికీ న్యాయం జరిగేదని ఎవరూ అనలేరు. కానీ పండిన గింజ మొత్తం చేను గలవాడిది కాదన్న లెక్క మాత్రం ఉండేది. ఆ లెక్కలో పిట్టా ఉంది. కుప్ప మీద వాలి తింది, కళ్లంలో రాలినవి ఏరుకుంది, ఆ తర్వాతి రోజులకి చూరు కింద కుచ్చు ఉంది.

పిచ్చుక కూడా ఇంటిమనిషిలాగే మసిలింది. దూలం సందులో, గోడ కన్నంలో, ఆఖరికి దేవుడి పటం వెనక కూడా గూడు పెట్టేది. అద్దంలో తన బొమ్మని చూసి పరాయి పిచ్చుకనుకుని ముక్కు అరిగేలా పోట్లాడేది. గడ్డిపోచలు కింద పడేస్తోందని అమ్మ విసుక్కుంటుంది, అయినా గుడ్లు పెట్టాక గూడు తీయనివ్వదు. పిల్లలు ఎగిరేదాకా ఆ పటం దులపడాల్లేవు. ఎండాకాలమైనా సరే, పిచ్చుక గదిలో ఉంటే ఫ్యాను వేయకూడదని చెప్పే ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

ఇప్పుడు ఆ కుచ్చు తగ్గింది. కారణం ఎవరి మనసో రాయైపోవడం కాదు, కోత మిషను. అది చేలోకి దిగితే కంకి ఒక వైపు లోపలికెళ్లి గింజలై ఇంకో వైపు బయటికొస్తుంది. పనలుండవు, కుప్పుండదు, కళ్లం అసలే ఉండదు. ధాన్యం రోడ్డు మీద ఆరి అటునుంచటే మిల్లుకి పోతుంది. ఇక కుచ్చు అల్లడానికి కంకేది? ఒక్క మూలల్లో మాత్రం మిగిలింది. మిషను లోపలికి దిగడానికి, తిరగడానికి చోటు కోసం చేను మూలల్లో ముందుగా కొడవలితో కోస్తారు. అలవాటు పోనివాళ్లు ఇప్పటికీ కుచ్చుకి కంకులు ఆ మూలల్లోంచే ఏరుకుంటున్నారు. ఇంకోపక్క అవే కుచ్చులు పట్నాల్లో పండగ అలంకరణ సామానుగా అమ్ముడుపోతున్నాయి. కొన్నవాళ్ల బాల్కనీకి పిచ్చుక వస్తుందా అంటే... చాలాచోట్ల వచ్చేది పావురమే!

పిచ్చుకలు అంతరించిపోతున్నాయన్న మాట కూడా కాస్త ఆగి వినాలి. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం పాతికేళ్లలో దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి మహానగరాల్లో. సెల్ టవర్లే వాటిని చంపేస్తున్నాయని 2018లో రజనీకాంత్ సినిమా '2.0' చూసినవాళ్లంతా నమ్మేశారు కానీ, దానికి గట్టి ఆధారం దొరకలేదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, కానీ గూట్లో పిల్లకి పెట్టేది పురుగుల్ని. కుచ్చు ఎంత పెద్దది కట్టినా పెరట్లో పురుగు లేకపోతే పిల్ల బతకదు. గూడు పెట్టుకోవడానికి కాంక్రీటు గోడలో కన్నమూ ఉండదు.

పిట్ట తినే గింజనే చూసి, తినే పురుగుని చూడకపోతే ఏమవుతుందో చైనాలో తెలిసింది. 1958లో అక్కడ నాలుగు పీడల్ని అంతం చేయాలంటూ ఉద్యమం మొదలుపెట్టారు. ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలు. జనం పళ్లాలు, డప్పులు వాయిస్తూ పిచ్చుకల్ని వాలనివ్వకుండా తరిమితే అలసిపోయి నేల రాలిపోయాయి. పిచ్చుకలు పోయాక మిడతలు పెరిగాయి. ఆ ఏళ్లలో వచ్చిన ఘోరమైన కరువుకి కారణాలు చాలానే ఉన్నా, అందులో ఇదీ ఒకటంటారు. 1960లో జాబితాలోంచి పిచ్చుకని తీసేసి ఆ చోట నల్లిని పెట్టారు.

నాగలి వెనక నడిచినవి

కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసింది మనుషుల ఆకలి తీర్చడానికే. కానీ కాలవలు, బోదెలు, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు నిలిచే చేలు... ఇవన్నీ కలిసి డెల్టాని పక్షులకీ పెద్ద అన్నసత్రం చేసేశాయి. సార్వా దమ్ము మొదలైందంటే ఎక్కడెక్కడి కొంగలూ అక్కడికే. నాగలి చాలు తిరగేస్తే బయటపడే పురుగులు, ఎర్రలు, చిన్న కప్పలు వాటివి. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినా కొంగ కంగారుపడలేదు. ఇనప చక్రాల వెనక అడుగు దూరంలో అదే ధీమాతో నడుస్తోంది. డ్రైవరూ పట్టించుకోడు, కొంగా పట్టించుకోదు.

ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. నత్తగుల్ల కొంగ చేలో నత్తల్ని తింటుంది. ఏట్రింత ఎగిరే పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. అందుకే పురుగు మందులు తగ్గించుకోవాలంటే చేలో అక్కడక్కడ ఇంగ్లిషు 'టి' అక్షరంలా కర్రలు పాతి పిట్టలు వాలే వీలు కల్పించమని వ్యవసాయ శాఖ చెబుతుంటుంది. పగలు ఆ కర్ర మీద ఏట్రింత, రాత్రి గుడ్లగూబ. పాపం గుడ్లగూబ! ఇంటి మీద వాలితే అపశకునమని రాళ్లేస్తాం. డెల్టా రైతుకి ఎలుకల బెడద ఎంతటిదో తెలిసినవాళ్లెవరూ దాన్ని తరమకూడదు. రాత్రంతా దాని పని ఎలుకలు పట్టడమే.

కోతలయ్యాక బాతుల మందలు దిగుతాయి. వందలు, వేలు. వెనక చిన్న కర్రతో ఒకరిద్దరు కాపరులు. రాలిన గింజ, బురదలో నత్త, పురుగు... ఏదీ వదలవు. మిషను కోతల్లో రాలే గింజ బాతులకి కలిసొచ్చిందనే చెప్పాలి. ఒక చేను అయ్యాక ఇంకో చేను, ఒక ఊరయ్యాక ఇంకో ఊరు, గుడ్లు అమ్ముకుంటూ సాగిపోతారు.

మధ్యలో చిన్న ముచ్చట. ఆంధ్రప్రదేశ్‌కి మొన్నమొన్నటిదాకా రాష్ట్ర పక్షి పాలపిట్ట. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకి ఉండిపోయింది, 2018లో ఇక్కడ రామచిలుకని ప్రకటించారు. పాలపిట్ట తినేది పురుగుల్ని. చిలుక తినేది కంకుల్ని, పళ్లని. రైతునడిగి పెట్టినట్టయితే లేదు!

కాకి ముట్టకపోతే

రాజమండ్రి కోటిలింగాల రేవుకి వెళ్తే ఇంకో రకం వాటా కనిపిస్తుంది. గోదారి గట్టున పిండం పెట్టి దూరంగా జరిగి నిలబడతారు. కాకి రావాలి. వెంటనే వస్తే పోయినవాళ్లు తృప్తిగా ఉన్నట్టు. రాకపోతే గుండెల్లో గుబులు. ఏ కోరిక మిగిలిపోయిందో, ఎవరికి మాటివ్వాలో అని చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రేవులో ఈ బెంగ తక్కువే, అక్కడి కాకులకి వేళలన్నీ తెలుసు. అపార్టుమెంటు మేడ మీద తద్దినం అన్నం పెట్టి ఎదురుచూసేవాళ్లకే తిప్పలు. నమ్మకం సంగతెలా ఉన్నా, ఇంట్లో ఎంత పెద్దవాళ్లయినా ఆ రోజు కాకి తిన్నాకే విస్తరి ముందు కూర్చోవడం మాత్రం చిత్రమైన మర్యాద.

ఎవరికీ అక్కర్లేని వాటా తీసుకున్న పక్షి ఒకటుండేది, రాబందు. పశువు చస్తే ఊరి బయట పడేసేవాళ్లు, గంటల్లో ఎముకలే మిగిలేవి. పశువుల నొప్పికీ వాపుకీ వాడిన డైక్లోఫెనాక్ మందు వాటి పాలిట విషమైంది. ఆ మందు పడ్డ కళేబరం తింటే మూత్రపిండాలు చెడి చనిపోయేవి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని కేంద్రం నిషేధించేనాటికే దేశంలో వాటి సంఖ్యలో నూటికి తొంభై వంతులకు పైగా పోయాయి. మన పిల్లలు రాబందుని చూసేది పుస్తకంలోనే.

బాదంపప్పు తిన్న పుంజు

వాటాల మాటకొస్తే డెల్టాలో అందరికంటే రాజభోగం అనుభవించే పక్షి ఏదో వేరే చెప్పాలా? పందెం పుంజు! భీమవరం చుట్టుపక్కల దాని మెనూ చూస్తే మనకే అసూయ పుడుతుంది. బాదం, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, వేటమాంసం కీమా. పొద్దున్నే ఈత కొట్టిస్తారు, వేన్నీళ్లతో ఒళ్లు కాపడం పెడతారు. ఈక రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, అబ్రాసు... అంటూ ఎన్నో పేర్లు. ఏ రోజు ఏ రంగుది గెలుస్తుందో, ఏ దిక్కున వదలాలో చెప్పే కుక్కుట శాస్త్రం ఉండనే ఉంది. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం మీద రాజ్యాలు ఒడ్డారని చెప్పుకునే జాతి మనది.

ఇంతా చేసి భోగి రోజున ఆ పుంజు కాలికి కత్తి కడతారు. కన్నబిడ్డలా సాకానని చెప్పే మనిషే కడతాడు. ఆ ప్రేమ అబద్ధమని అనలేం, ఏడాది చాకిరీ కళ్లముందుంటుంది. కానీ ఆ భోజనం దాని వాటా కాదు, మనిషి పెట్టుబడి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లోనే వచ్చింది. జూద నిరోధక చట్టం 1974 నాటిది. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా పందేలను అడ్డుకోమంది. అయినా సంక్రాంతి మూడు రోజులూ బరులు వెలుస్తూనే ఉన్నాయి, ఓడిన పుంజు ఆ సాయంత్రానికే కూరవుతోంది. సంప్రదాయమనే ముందు ఒక్క సంగతి: సంప్రదాయంలో కుచ్చు కూడా ఉంది. దానికి ఇంత పట్టుదల ఎవరూ చూపించలేదు.

ఇంకో కోడి ఉంది. దానికి పేరు లేదు, రంగుని బట్టి శాస్త్రమూ లేదు. తణుకు, పెరవలి, అనపర్తి వైపు వెళ్తే రోడ్డు పక్కన పొడవాటి షెడ్లు కనిపిస్తాయి. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి వరసలో ఉండడానికి ఈ షెడ్లూ ఓ కారణం. మామూలు బోనుల్లో ఒక్కో కోడికి దక్కేది పిల్లల ప్రాజెక్టు రాసే ఏ4 కాగితం కన్నా తక్కువ చోటు. మొక్కజొన్న, నూకలు, తవుడు కలిపిన దాణా తింటుంది, గుడ్డు పెడుతుంది. డెల్టా గింజలో ఇప్పుడు పెద్ద వాటా తినే పక్షి బహుశా ఇదే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు కుప్పలుగా చనిపోతే, భోపాల్ ల్యాబ్ పరీక్షలో బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర కోళ్లని పూడ్చేశారు. జనం చికెన్ మానేశారు, దుకాణాలు మూతపడ్డాయి. వలస పక్షులే తెచ్చాయన్న మాట వెంటనే మొదలైంది. అడవి పక్షుల ద్వారా ఆ వైరస్ రావచ్చు, నిజమే. కానీ వేల కోళ్లు రెక్కకి రెక్క తగిలేలా ఉన్న షెడ్డులోకి వచ్చాక దాన్ని మోసింది మాత్రం కొంగ కాదు.

కొల్లేటి లెక్క

పిట్ట వాటా అసలు తగాదాగా మారింది కొల్లేరులో. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు, డెల్టా కాలవల మిగులు నీరు ఇందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. లోతు తక్కువ, చేప ఎక్కువ. పక్షికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడి ప్రధాన అతిథి గూడబాతు. ఇప్పుడందరూ పెలికాన్ అంటున్నారు కానీ తెలుగు పేరే బాగుంటుంది. కాలవ నీళ్లు చేలోకి తోడిపోసే గూడ తెలుసుగా, అలాంటి సంచి ముక్కు కింద వేలాడుతుంటుంది. బూడిద రంగు ఒళ్లు, ముక్కు మీద చుక్కలు, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. నేల మీద నడిస్తే నవ్వొస్తుంది. ఎండెక్కాక వేడిగాలి ఆసరాతో రెక్క ఆడించకుండా పైకి లేస్తుంటే మాత్రం కళ్లు తిప్పుకోలేం. ఏటా సైబీరియా నుంచి వస్తాయని చెబుతుంటారు. కాదు, చుక్కల ముక్కు గూడబాతు మన దేశపు పక్షే. గుడ్లు పెట్టేదీ ఇక్కడే. మూడు నాలుగు గుడ్లు, నెల రోజుల పొదుగు, ఆ తర్వాత మూడు నుంచి ఐదు నెలలు పిల్లల పెంపకం. అంతకాలమూ చేప కావాలి.

ఈ పక్షికి మనుషులంటే భయం తక్కువ. ఊరి మధ్య చెట్ల మీద గూళ్లు కట్టుకున్న సందర్భాలు దక్షిణాదిలో చాలానే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వీటిని పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తమిళనాడులోని వేడంతాంగళ్‌లో అయితే ఊరివాళ్లు 1798లోనే అప్పటి చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరికెళ్లి తమ చెరువు పక్షుల్ని ఎవరూ కాల్చకుండా హక్కు రాయించుకున్నారు. భక్తి ఒక్కటే కాదు కారణం. పక్షుల రెట్ట పడ్డ చెరువు నీరు పారితే చేలు బాగా పండేవి. పిట్ట తన వాటా తిని, ఎరువు రూపంలో అద్దె కట్టేదన్నమాట.

కొల్లేటి పరిసరాల్లో గూడబాతుల పెద్ద స్థావరం ఉన్న సంగతిని పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె.నీలకంఠన్ 1946లో లోకానికి చెప్పారు. 1974 ప్రాంతంలో అవి ఆ చోటు వదిలేసి వెళ్లిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో కొల్లేరు రూపమే మారిపోయింది. సరస్సు గర్భంలో గట్లు లేచాయి. ఎండాకాలం వరి వేసుకునే నేల, ఎటుచూసినా నీళ్లుండే నేల చేపల చెరువులుగా ముక్కలైంది. బొచ్చె, శీలావతి లారీలకెక్కి కోల్‌కతా దాకా వెళ్లాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను పేల్చేశారు, తవ్వేశారు. లంక గ్రామాల్లో బతుకుతెరువు పోయిందన్న గోడు అప్పుడు మొదలై ఇప్పటికీ ఆగలేదు. అభయారణ్యం హద్దు ప్లస్ 5 కాంటూరు నుంచి ప్లస్ 3కి తగ్గించాలన్న డిమాండు ప్రతి ఎన్నికల్లోనూ వినిపిస్తూనే ఉంటుంది.

గూడబాతులు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం వాటి చిరునామా. ప్రపంచంలోనే ఈ జాతి పెద్ద స్థావరాల్లో ఒకటిగా దీనికి పేరు. నీళ్లలో నిలిచిన చెట్లు సరిపోక, అటవీ శాఖ చెరువులో ఇనప స్టాండ్లు నిలబెడితే వాటినే చెట్లనుకుని గూళ్లు కట్టేసుకున్నాయి. ఎర్రకాళ్ల కొంగలూ పక్కనే కాపురం పెట్టాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వెళ్తే బోటెక్కి దగ్గరగా చూసి రావచ్చు. మగపక్షి పుల్ల తెచ్చి ఇస్తే ఆడపక్షి సర్దుతుంటుంది. పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంటే చూసే పిల్లలు కేరింతలు కొడతారు.

బాగానే ఉంది. మరి ఇన్ని వేల నోళ్లకి చేపలెక్కడివి? ఆటపాక చెరువు ఒక్కటే చాలదు. కుదించుకుపోయిన కొల్లేరూ చాలదు. తెల్లవారితే అవి వెళ్లేది చుట్టూ ఉన్న మనుషుల చెరువులకే. సరస్సుని మింగిన చెరువులే ఇప్పుడు సరస్సు పక్షికి అన్నం పెడుతున్నాయి, ఇష్టం లేకుండా.

రైతు వైపు నుంచి చూడండి. చేను కౌలుకి తీసుకుని, అప్పు తెచ్చి పిల్ల వదిలి, తవుడు, చెక్క పోసి నెలల తరబడి పెంచుతాడు. ఒక పొద్దున గూడబాతుల గుంపు దిగితే, వాటి వెనకే నీటికాకులు. కళ్లముందే పోతుంది. అందుకే గట్ల మీద కాపలా పాకలు. డబ్బాలు కొడతారు, టపాసులు పేలుస్తారు, చెరువుకి అడ్డంగా తాళ్లు, మెరిసే రిబ్బన్లు కడతారు. పిల్ల చేపల చెరువులకి పైన వల కప్పేస్తారు. ఆ వలల్లో, దారాల్లో రెక్క చిక్కుకున్న పక్షి గతి చెప్పక్కర్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని చంపడం నేరం. తరమడానికి, చంపడానికి మధ్య గీత మాత్రం చీకట్లో కనపడదు.

రొయ్యల చెరువుల్లో భయం ఇంకో రకం. అక్కడ పక్షి తినేదాని కంటే తెచ్చేది ప్రమాదం. ఒక చెరువులో తెల్లమచ్చ తెగులుతో చస్తున్న రొయ్యని కాకి ఎత్తుకెళ్తూ పక్క చెరువులో జారవిడిస్తే చాలు. అందుకే 2009 నుంచి వనామీ రొయ్య పెంపకానికి అనుమతులిచ్చినప్పుడు చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా దారాలు ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది. కళ్లంలో వాటా ఉన్న పిట్టకి ఇక్కడ ప్రవేశమే లేదు, అదీ ప్రభుత్వ నిబంధన ప్రకారం.

ఎవరిది తప్పు అని అడిగితే తేలదు కానీ, ఒక తేడా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వరి రోజుల్లో పిట్ట వాటా ఊరంతా పంచుకుంది. ఏ ఇంటికీ గుప్పెడు గింజలకి మించి భారం పడలేదు. ఒకవేళ చేలో నాలుగు కంకులు పోయినా, పురుగు తిన్న కొంగ లెక్క సరిచేసింది. చెరువు కాలంలో ఆ భారమంతా ఆ పూట ఏ గట్టు మీద గుంపు వాలితే ఆ ఒక్కడి మీద పడుతోంది. అదీ కౌలు రైతైతే ఏడాది కష్టం పోయినట్టే. పక్షిని చూసి సంతోషపడేది మనందరం, దాని భోజనం బిల్లు కట్టేది అతనొక్కడు. ఏనుగు తొక్కిన చేనుని అధికారులు వచ్చి చూసి పరిహారం రాస్తారు, తొక్కిన గుర్తు ఉంటుంది కాబట్టి. గూడబాతు మింగిన చేపని ఎవరు లెక్కపెడతారు?

కొల్లేరులో ఎండాకాలం కూడా నిలిచే నీరు, అందులో మనిషి పెంచని చేప పెరిగినంత కాలం ఈ లెక్క అవసరం రాలేదు. ఇప్పుడు ఎండలు ముదిరితే చాలా భాగం ఎండిపోతుంది, మిగిలిన చోట గుర్రపుడెక్క కమ్మేస్తుంది. సరిగ్గా గూళ్లలో పిల్లలు పెద్దవై ఆకలి పెరిగే రోజులు కూడా అవే. చెరువుల మీద దాడి పెరిగేదీ అప్పుడే. గట్ల మీద టపాసుల మోత వినిపించేదీ అప్పుడే.

ఆదివారం ఆటపాకలో బోటు కోసం టిక్కెట్లు తీసుకునేవాళ్లలో కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి చెరువుల మీద బతికే కుటుంబాలూ ఉంటాయి. గూటి దగ్గర బోటు నెమ్మదించగానే చంటిపిల్లని ఎత్తుకుని, అదిగో చూడు గూడబాతు పిల్ల అంటూ వేలు పెట్టి చూపిస్తారు. సోమవారం తెల్లవారకముందే గట్టు మీద కాపలాకి మనిషిని పంపాలి.